డిసెంబర్లో రెండు రోజులు తిరగడానికి కాదు, తినడానికే వెళ్దామనుకుంటున్నాం. ఎటు వెళ్తే బాగుంటుంది?

కిమిడి కోడలు (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా ఆయన బ్యాంకులో చేస్తారు కాబట్టి రెండో శనివారం, నాలుగో శనివారం తప్ప మాకు రెండు రోజులు కలిసి రావు. డిసెంబరులో రెండో శని, ఆదివారాలు ఎక్కడికైనా వెళ్లి హాయిగా కూర్చుని, వేళకి వేడివేడిగా ఎవరో వండింది తిని, మధ్యాహ్నం ఓ కునుకు తీసి వచ్చేద్దామని ప్లాన్. మేమిద్దరం, అత్తయ్య, మామయ్య, విజయనగరం నుంచి మా ఆడపడుచు, వాళ్లాయన, ఇద్దరు పిల్లలు, మొత్తం ఎనిమిది మందిమి. గుళ్లు, మ్యూజియంలు, వ్యూ పాయింట్లు లిస్టు పట్టుకుని పరిగెత్తే ఓపిక ఎవరికీ లేదు, పోయినేడు అలాగే ఓ పెద్ద ఊరు వెళ్లి రెండు రోజులూ క్యూలలోనే నిలబడి, రాత్రి పదిన్నరకి దొరికిన చోట చల్లారిన బిర్యానీ తిని పడుకున్నాం. ఈసారి తిండి ముందు, మిగతావన్నీ తర్వాత.

ఇబ్బంది ఏంటంటే అత్తయ్య పూర్తి శాకాహారి, కార్తీకంలో అయితే ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు. మామయ్యేమో చేప లేకపోతే అన్నం ముందు కూర్చుని ఆలోచనలో పడిపోతారు. పెద్ద రిసార్టుల్లో బఫే వద్దు, నలభై రకాలు పెట్టి ఒక్కటీ రుచి ఉండదు. బరంపురం, గోపాలపూర్ వైపు అయితే ఎలా ఉంటుంది? లేక ఇంకెటైనా చెప్తారా? ఖర్చు మరీ పిసినారిగా కాదు, మరీ చేతికి ఎముక లేనట్టూ కాదు.

బజారువీధి (బరంపురం):

అమ్మా, నువ్వు అడిగిన ప్రశ్నకి సగం జవాబు పంచాంగంలో ఉంది. ఒడిశాలో తిండి కోసం బయల్దేరేవాళ్లు ఊరికంటే ముందు నెల చూసుకోవాలి. ఇక్కడివాళ్లకి నెల పౌర్ణమితో అయిపోతుంది, మనకి అమావాస్యతో. అంటే ఒడియా కార్తీకం కార్తీక పౌర్ణమితోనే సరి. నెల్లాళ్లు నీసు ముట్టని ఇళ్లన్నీ ఆ మర్నాడు ఛాడఖాయి అని మాంసం అంగళ్ల ముందు పొద్దున్నే బారులు తీరతాయి, ఆ రోజు వేటమాంసం, చేపల ధర వినకపోవడమే మంచిది. మన తెలుగు కార్తీకం మాత్రం ఇంకో పదిహేను రోజులు నడుస్తుంది. కాబట్టి ఆ పక్షంలో మీరు వస్తే ఊరంతా మసాలా వాసనేస్తుంటే మీ అత్తగారు ఉపవాసం ఉంటారు, మీ మామగారు ఆవిడ మొహం చూస్తూ తినలేక తినలేక తింటారు. పోలిని స్వర్గానికి పంపేశాక బయల్దేరండి. ఈ ఏడు డిసెంబరు రెండో శనివారానికి ఆ గొడవ తీరిపోతుందో లేదో క్యాలెండర్లో ఒక్కసారి చూసుకో.

ఇంకోటి. ఒడియా మార్గశిరంలో గురువారాలు మాణబసా, అంటే ఇంటింటా లక్ష్మీపూజ. ఆ రోజు చాలా ఇళ్లలో నీసు ఉండదు, చిన్న హోటళ్లలో కూడా చేప తక్కువే చేస్తారు. మీది శని ఆదివారాలు కాబట్టి బెంగ లేదు గానీ, గురువారమో శుక్రవారమో కలిపి సెలవు పెట్టేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

సరే, తిండి. బరంపురంలో పొద్దున టిఫిన్‌కి హోటల్ గదిలోంచి కింద రెస్టారెంటుకి దిగావంటే నువ్వు ఓడిపోయినట్టే. బడా బజార్ వైపు గానీ, పాత బస్టాండు చుట్టుపక్కల గానీ ఏడు గంటలకల్లా వెళ్లాలి. ఉప్మా తెలుగువాళ్లది, ఘుగునీ, అంటే బఠాణీల కూర, ఒడియావాళ్లది. మా ఊళ్లో రెండూ ఒకే ఆకులో ఉంటాయి. వేడి ఉప్మా ఒక గరిటె పెట్టి, మధ్యలో గుంట చేసి, దాంట్లో బఠాణీల ఘుగునీ పోస్తాడు, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కావాలంటే ఓ వడ చిదిమి వేస్తాడు. ఉప్మా అంటే మొహం చిట్లించేవాళ్లు కూడా రెండో ఆకు అడుగుతారు. మీ అత్తగారికి ఉల్లిపాయ వెయ్యొద్దని ముందే చెప్పు, తెలుగులోనే చెప్పు, అర్థమవుతుంది. 1936 ఏప్రిల్ దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కదా, సగం అంగళ్లలో ఇప్పటికీ బేరం తెలుగులోనే.

మధ్యాహ్నం ఒడియా భోజనం. డాల్మా అడగండి. కందిపప్పులో బొప్పాయికాయ, గుమ్మడి, అరటికాయ, మునక్కాడ వేసి ఉడికించి, చివర్లో వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. గుడి పద్ధతిలో చేసినదానిలో ఉల్లి వెల్లుల్లి పడవు కాబట్టి మీ అత్తగారికి ఇంతకంటే భేషైనది దొరకదు. దాంతోపాటు టమాటా ఖట్టా, అంటే తీపి పులుపు పచ్చడి. మీ మామగారికి ఆవపిండి పులుసులో చేప, ఇక్కడ బేసర అంటారు, మన పులుసులా చింతపండు కొట్టదు, ముక్కులోకి ఘాటు ఎక్కుతుంది. మొదటి ముద్దకి అందరూ ఒకలాగే ఉలిక్కిపడతారు.

అన్నిటికంటే ముఖ్యం, మీరు రెండో వారంలో వస్తున్నారు కాబట్టి చెప్తున్నా, ధనుమువాన్ వదలొద్దు. ధనుస్సంక్రాంతి డిసెంబరు 15, 16 ప్రాంతంలో వస్తుంది, దానికి ముందు నుంచే అంగళ్లలో పెడతారు. వరి పేలాలు పొట్టు లేకుండా ఏరి, బెల్లం పాకంలో నెయ్యి, కొబ్బరి ముక్కలు, జీడిపప్పు, ఏలకులు వేసి ఒత్తుతారు. మన పేలాల ఉండకి జమీందారీ వచ్చినట్టుంటుంది. నిమ్మకాయంతవి ఉంటాయి, ఇద్దరు మోయాల్సినవీ ఉంటాయి. పట్టుకోగానే వేళ్లకి నెయ్యి అంటాలి, కొరికితే కరకరమనాలి, పళ్లకి సాగకూడదు. సాగిందంటే పాకం ముదరకుండానే దించేశారు, ఆ అంగడి వదిలెయ్యి.

పడక గోపాలపూర్‌లో పెట్టుకోండి, బరంపురానికి 16 కిలోమీటర్లే. లైట్‌హౌసు ఉంది, సముద్రం ఉంది, ఇంకేం చూడక్కర్లేదు. సాయంత్రం ఒడ్డున రొయ్యల పకోడీ వేస్తారు, నూనె రంగు చూసి తినండి.

జయపురం మాస్టారు (కొరాపుట్ జిల్లా):

శీతాకాలం అంటారు, సముద్రం దగ్గరికి వెళ్తారు. ఇదేం శీతాకాలం అండీ? గోపాలపూర్‌లో డిసెంబరులో పట్టపగలు ఫ్యాన్ వేసుకోవాలి. మా కొరాపుట్ రండి, చలంటే ఏంటో తెలుస్తుంది. దేవమాలి కొండ 1672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తు. విశాఖ నుంచి కిరండూల్ లైన్లో అరకు మీదుగా రైల్లో రావచ్చు. కొరాపుట్ కాఫీ, కాలాజీరా బియ్యంతో అన్నం, నాటుకోడి. తినడానికి చలి ఉంటేనే ఆకలి.

కిమిడి కోడలు:

మాస్టారూ, మీ మాట నిజమే గానీ మా ఊరి నుంచి రాయగడ మీదుగా కొండలెక్కి జయపురం చేరేసరికి శనివారం అయిపోతుంది, ఆదివారం పొద్దున్నే మళ్లీ తిరుగు ప్రయాణం. వేసవి సెలవులకి దాచుకుంటా. బజారువీధి బాబాయ్ గారూ, ఆ రెండు కార్తీకాల లెక్క మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, అత్తయ్యకి చదివి వినిపిస్తే "చూశావా, అందుకే ఆ పక్కింటి వాళ్లు అంత తొందరగా చేపలు తెచ్చుకున్నారు" అన్నారు, ఏళ్లుగా ఉన్న అనుమానం తీరినట్టుంది.

చిలికా పీత (రంభ):

అక్కా, గోపాలపూర్ మంచిదే, కాదనను. కానీ మామయ్య గారికి చేప కావాలంటున్నారు, పిల్లలున్నారు, మరి చిలికా దాకా రాకుండా వెనక్కి వెళ్తే ఎలా? బరంపురం నుంచి హైవే మీద ఛత్రపూర్ దాటి ముందుకి వస్తే రంభ, గంట పైన కొంచెం పడుతుంది. చిలికాకి దక్షిణపు కొస మాది. బర్కుల్, బాలుగావ్ వైపు జనం ఎక్కువ, ఇక్కడ తీరుబాటు ఎక్కువ. ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్ నీటి ఒడ్డునే ఉంటుంది. పాత రంభ కోటని ఇప్పుడు హెరిటేజ్ హోటల్ చేశారు, అది జేబుకి బరువు, అయినా ఓ కప్పు టీకి దొరికితే కూర్చుని రండి.

పద్ధతి ఇది. పొద్దున పొగమంచు విడిచాక, తొమ్మిదిన్నర పది మధ్య పడవెక్కండి. ఎక్కే ముందు, మళ్లీ చెప్తున్నా, ఎక్కే ముందే భోజనం ఆర్డరు చెప్పెయ్యండి. ఇక్కడ చిన్న హోటళ్లలో వండి పెట్టిన పీతలు ఉండవు, చెప్పాక పట్టుకొచ్చి కడిగి వండుతారు. దిగాక చెప్తే గంటన్నర కూర్చోవాలి, పిల్లలు ఈలోపు చిప్స్ తినేసి ఆకలి చంపుకుంటారు. పడవలో బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ చూపిస్తారు, ఖల్లికోట రాజుగారి పాడుబడ్డ బంగళా ఉంటుంది, పేరు చూసి ఫలహారం దొరుకుతుందనుకుని ఖాళీ కడుపుతో రాకండి. చలికాలం కాబట్టి పిట్టలు కనిపిస్తాయి. మరీ గుంపులుగా కావాలంటే నలబణ, మంగళాజోడి వెళ్లాలి, అవి ఉత్తరం వైపు, మీ ప్లాన్‌కి నప్పవు.

పీత ఎలా కొనాలో చెప్తా, ఇది మాత్రం శ్రద్ధగా చదవండి. డెక్కలు తాడుతో కట్టి ఉంటాయి. కొందరు లావుపాటి తాడు తడిపి కడతారు, తూకంలో తాడు కూడా పీతే అవుతుంది. కాబట్టి తాడు సన్నగా ఉన్నది అడగండి. చేతిలోకి తీసుకుని (కట్టే ఉంటుంది లెండి, భయం లేదు) కింద పొట్టవైపు చిప్పని బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే లోపల కండ నిండుగా ఉన్నట్టు. మెత్తగా లొత్తపడితే ఈమధ్యే చిప్ప మార్చుకుంది, వండితే నీళ్లే. సైజు చూసి మోసపోకండి, చిన్నదైనా చేతికి బరువు తెలియాలి. కింద మడత వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది, గుడ్డు ఉండొచ్చు, సన్నగా కోసుగా ఉంటే మగది, డెక్కల్లో కండ ఎక్కువ. ధర పీతకి వేరు, వండిన కూలి వేరు. రెండూ ముందే మాట్లాడుకోండి, బిల్లు దగ్గర మొహమాటపడొద్దు. మసాలా తగ్గించమని చెప్పండి, చెప్పకపోతే మసాలా దట్టించి పీత రుచి కనబడకుండా చేస్తారు.

రొయ్య కంటే నా ఓటు ఖైంగా చేపకే. చిలికా ఉప్పునీరు, మంచినీరు కలిసిన నీళ్లు, ఆ చేపకి ఆ కొవ్వు అందుకే వస్తుందని మా ఊళ్లో అంటారు. ఉత్త పసుపు, ఉప్పు, కారం పట్టించి వేయిస్తే చాలు.

కిమిడి కోడలు:

నోరూరించేశావు తమ్ముడూ. ఒక అనుమానం. మా ఆడపడుచు వాళ్లు విజయనగరం నుంచి రైల్లో నేరుగా బరంపురం వచ్చేస్తామంటున్నారు. మేం నలుగురం కార్లో వస్తాం. పర్లాకిమిడి నుంచి రెండు దారులున్నాయి కదా, పలాస మీద హైవే ఎక్కి ఇచ్ఛాపురం మీదుగా ఒకటి, ఆర్.ఉదయగిరి, మోహన, తప్తపాణి మీదుగా కొండదారి ఒకటి. కొండదారిలో వస్తే చంద్రగిరిలో టిబెటన్ల దగ్గర మోమోలు తిని రావచ్చని మా ఆయన ఆశ. ఎవరైనా ఈమధ్య వెళ్లారా?

ఘాటురోడ్డు గోపి (ఆర్.ఉదయగిరి):

వెళ్లాం కాదండీ, మేం ఉండేదే ఇక్కడ. దారి బాగుంటుంది, మలుపులు చాలా. కారులో కడుపు తిప్పే అలవాటు ఎవరికైనా ఉంటే ముందు సీటు వాళ్లకివ్వండి, బయల్దేరే ముందు పూరీలు పెట్టకండి.

చంద్రగిరి, జిరాంగ్ ఆశ్రమం తప్పకుండా చూడొచ్చు. 1960లలో టిబెట్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు, జిరాంగ్‌లో పద్మసంభవ మహావిహారం 2010లో దలైలామా గారు వచ్చి ప్రారంభించారు. కానీ తిండి దగ్గర ఒక చిక్కు ఉంది. చలికాలంలో ఇక్కడి టిబెటన్లు చాలామంది స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊళ్లకి వెళ్లిపోతారు. మీ ఊళ్లోనో, విశాఖలోనో, బరంపురంలోనో రోడ్డు పక్కన ఉన్ని బట్టల అంగళ్లు పెట్టుకున్నవాళ్లని చూసే ఉంటారు. అందుకని మీరు వచ్చే నెలలోనే కాలనీల్లో ఇళ్లు తాళాలు వేసి ఉంటాయి, తిండి అంగళ్లు కొన్నే తెరిచి ఉంటాయి. ఆశ్రమం దగ్గర మోమో, థుక్పా దొరుకుతాయి, దొరకవని కాదు. థుక్పా అంటే నూడుల్స్ వేసిన వేడి చారు, పొద్దున కొండమీద చలిలో తాగితే ప్రాణం లేచొస్తుంది. అయితే అదొక్కదాని మీద ఆశపెట్టుకుని భోజనం వేళ లెక్క వేసుకోకండి, కారులో పులిహోర ఉంచుకోండి.

తప్తపాణి దగ్గర గంధకం వేడినీళ్ల గుండం ఉంది. అక్కడ పాంథనివాస్‌లో కొన్ని గదుల్లోకి ఆ వేడినీళ్లే వస్తాయి, తొట్టిలో కూర్చోవచ్చు. పెద్దవాళ్ల మోకాళ్లకి హాయి. ఆదివారాలు మాత్రం పిక్నిక్ బస్సులు, సౌండు బాక్సులు. డిసెంబరు, జనవరి అంటే ఒడిశా అంతా వనభోజనాల కాలం, చెట్టుకో పొయ్యి వెలుగుతుంది.

బజారువీధి (బరంపురం):

గోపి చెప్పింది అక్షరాలా నిజం, అందుకే నేను వద్దంటున్నా. అమ్మా, నువ్వు మొదట ఏం రాశావో ఒకసారి పైకెళ్లి చదువుకో. పరిగెత్తే ఓపిక లేదన్నావు. ఇప్పుడు చంద్రగిరి, తప్తపాణి, బరంపురం, గోపాలపూర్, రంభ, అన్నీ రెండు రోజుల్లో కుక్కుతున్నావు. చంద్రగిరి నుంచి బరంపురానికే ఎనభై కిలోమీటర్ల పైన ఉంది, అందులో సగం ఘాటు. మధ్యాహ్నం నాలుగింటికి నీరసంగా దిగి, అప్పుడు భోజనం అడిగితే ఏ హోటలువాడైనా ఏం పెడతాడు? మిగిలింది పెడతాడు.

రెండు రోజులంటే నాలుగు మంచి పూటలు, అంతే. శనివారం మధ్యాహ్నం, శనివారం రాత్రి, ఆదివారం టిఫిను, ఆదివారం మధ్యాహ్నం. ఈ నాలుగూ ఎక్కడ తినాలో రాసుకో, మధ్యలో ఖాళీ ఎంత ఉంటే అంత నిద్రపోండి. రాత్రి పూట తేలిగ్గా పెట్టుకోండి, గోపాలపూర్‌లో రొట్టె, కూర చాలు, లేకపోతే మర్నాడు పీత దగ్గర ఎవరూ ఉత్సాహంగా ఉండరు. చిలికా పీత కుర్రాడు చెప్పిన భోజనం ఆదివారానికి పెట్టుకుని, అక్కడి నుంచే మీ ఆడపడుచు వాళ్లని బరంపురం స్టేషన్లో దింపి మీరు హైవే మీద ఇంటికి పొండి. మోమోలు మీ ఊరి స్వెట్టర్ల అంగడావిడని అడుగు, ఎక్కడ దొరుకుతాయో ఆవిడే చెప్తుంది.

ఘాటురోడ్డు గోపి:

బాబాయ్ మా ఊరి గిరాకీ పోగొట్టేశారు. సరే, ఒప్పుకుంటున్నా. వాళ్లు ఇంకోసారి నాలుగో శనివారం మా వైపు ఒక్కటే పెట్టుకుంటే నేను దగ్గరుండి చూసుకుంటా.

కోవా పిచ్చోడు (సోంపేట):

హైవే మీద వెళ్తున్నారు కదా, మందస కోవా సంగతి ఎవరూ ఎత్తరేం? తిరుగు ప్రయాణంలో పలాసకి ముందు హైవే దిగి మందస ఊళ్లోకి వెళ్లండి, కొంచెం చుట్టే, ఫర్వాలేదు. హైవే మీద బోర్డు పెట్టి అమ్మేదంతా మందసది కాదు. పాలు మరిగించి మరిగించి చేసిన కోవా లేత గోధుమరంగులో ఉంటుంది, నోట్లో వేసుకుంటే కాస్త పలుకు తగులుతుంది. తెల్లగా పాలిపోయి ఉత్త పంచదార రుచి కొడితే కొనకండి. పలాసలో జీడిపప్పు ఎలాగూ కొంటారు. గుండు వద్దు, బద్ద కొనుక్కోండి, వంటల్లోకి అదే చాలు, ధర తగ్గుతుంది.

కిమిడి కోడలు:

అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో పంచాయతీ అయిపోయింది. కొండదారి రద్దు, మా ఆయన మొహం మాడ్చుకున్నారు గానీ ఖైంగా మాట చెప్పాక సర్దుకున్నారు. శనివారం పొద్దున్నే బయల్దేరి బరంపురంలో డాల్మా భోజనం, ధనుమువాన్ కొనుగోలు, సాయంత్రం గోపాలపూర్‌లో పడక. ఆదివారం అందరం తెల్లారే లేచి పాత బస్టాండు దగ్గర ఉప్మా ఘుగునీ, అక్కడి నుంచి రంభ, పడవ, పీత. అత్తయ్యకి రంభలో ఏం దొరుకుతుందన్నదొక్కటే మిగిలింది తమ్ముడూ. పీతలు వండిన గిన్నెలో వండితే ఆవిడ మంచినీళ్లు కూడా తాగరు.

చిలికా పీత (రంభ):

అక్కా, బజార్లో శాకాహారం ఒక్కటే వండే చిన్న హోటళ్లు ఉన్నాయి, అన్నం, డాల్మా, ఏదో ఒక వేపుడు పెడతారు. ముందు అత్తయ్య గారికి అక్కడ భోజనం పెట్టించి, తర్వాత మీరంతా పీతల దగ్గర కూర్చోండి. ఒకే బల్ల మీద కలిపి తినాలని పట్టుబడితే మాత్రం పాంథనివాస్‌లో ముందురోజే ఫోన్ చేసి వేరే గిన్నెల సంగతి అడగండి, రోజు దానికి చెప్తే కుదరదు. ఛెనాపోడా (విరిగిన పాల ముద్దలో పంచదార కలిపి కాల్చే ఒడియా మిఠాయి) కూడా అప్పుడే అడిగి ఉంచుకోండి, మాడిన అంచు ముక్క ఆవిడకే ఇప్పించండి.